గోన గన్నారెడ్డి: శాసనం ఆగిన చోట గుర్రమెక్కిన నవల

పాతసంచిక | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఈ థ్రెడ్ అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ గురించి. ఇంకా చదవనివాళ్ళు ఉంటే ఇక్కడే ఆగండి, కథ చెప్పేస్తున్నాను.

చారిత్రక నవల అనగానే మనవాళ్ళు ముందు అడిగేది ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని. చదువుతుంటే గుండె దడదడలాడిందా అని అడిగేవాళ్ళు తక్కువ. నాకు ఈ నవల మీద ఇష్టం మొదలైంది ఆ దడ దగ్గరే. గన్నారెడ్డి పేరుమోసిన గజదొంగ. వర్ధమానపురం గద్దె మీద అతని పినతండ్రి లకుమయారెడ్డి కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకు వరదారెడ్డికి ఆదవోని ప్రభువు కోటారెడ్డి కూతురు అన్నాంబికతో పెళ్ళి నిశ్చయమైంది. గన్నారెడ్డి దండుతో వచ్చి ఎత్తుకుపోతాడు. ఎవరిని? పెళ్ళికొడుకుని!

రుక్మిణి నుంచి సంయుక్త దాకా మనం విన్న కథలన్నిటిలో గుర్రం మీదో రథం మీదో వెళ్ళిపోయేది పెళ్ళికూతురే. బాపిరాజు గారు ఆ ఒక్కటీ తిరగేశారు. దాంతో కథ నడకే మారిపోయింది. వీరుడు వచ్చి తీసుకెళ్ళే దాకా కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి కాదు అన్నాంబిక. ఇష్టంలేని పెళ్ళి తప్పింది కాబట్టి తన దారి తనే వెతుక్కుని ఓరుగల్లు చేరి రుద్రమదేవి అండన నిలబడుతుంది. నవలలో సగం సాహసం ఆమెదే.

రుద్రమ రాజ్యం చేసింది 1262 నుంచి 1289 వరకు. సామంతుల తిరుగుబాట్లు, దేవగిరి యాదవ మహాదేవుడి దండయాత్ర, ఇవి చరిత్రలో తెలిసిన పెద్ద సంగతులు. అవి అక్కడే ఉన్నాయి. వాటి మధ్య ఎవరూ ఏమీ రాసిపెట్టని నెలలు, రాత్రులు, దారులు ఉన్నాయి చూశారా, అక్కడ పరిగెత్తిస్తారు బాపిరాజు గారు గుర్రాలను. మంచి చారిత్రక సాహస నవలకు నేను చూసే లక్షణం అదొక్కటే. మీరేమంటారు?

సాయి_మొదటిపేజీ | శనివారం, రాత్రి 10:05

అన్నా, నిజం చెప్తా, తిట్టొద్దు. 2015లో ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ చేసిన గన్నారెడ్డి పాత్ర చూసి పుస్తకం కొన్నాను. సినిమాలో ఆయన అలా వచ్చి ఇలా దుమ్ము లేపి వెళ్ళిపోతాడు. పుస్తకంలో ఒక మనిషి గదిలోకి రావాలంటే ముందు ఆయన తలపాగా, తర్వాత కుండలాలు, తర్వాత ఉత్తరీయం అంచు రంగు, అన్నీ వచ్చాక మనిషి వస్తాడు. మధ్యలో సంస్కృత సమాసాలు. నేను ఎప్పుడో ఆగిపోయాను. ఆ వర్ణనలు వదిలేసి చదివితే నష్టమా?

టీచరమ్మ | శనివారం, రాత్రి 10:40

సాయీ, వదిలేసి చదువు నాయనా, ఏమీ కాదు. మొదటిసారి కథ కోసం చదువు.

బాపిరాజు గారు చిత్రకారులు కూడా అని మాత్రం గుర్తుంచుకో. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. ఆయన కళ్ళకు మనిషి ముందు రంగుగా కనిపిస్తాడు, తర్వాత మాటగా. రెండోసారి చదివినప్పుడు వర్ణన వచ్చిన చోట ఆగి, బొమ్మ చూస్తున్నట్టు చూడు. అప్పుడు ఒక విషయం తెలుస్తుంది. అలంకారాలన్నీ సభలో, పెళ్ళిలో, అంతఃపురంలో ఉంటాయి. గుర్రాలు కదిలాయంటే వాక్యాలు పొట్టివైపోతాయి. ఆ మార్పు చెవికి తెలియాలంటే పైకి చదవాలి.

పాతసంచిక గారూ, గోన వారింటి సంగతి ఒకటి చెప్పకుండా వదిలేశారు. ద్విపదలో రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఇల్లు అది. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలుడు పూర్తిచేశారు. ఆ ఇంటి ఆడపడుచు కుప్పాంబిక, మల్యాల గుండ దండనాథుడి భార్య. భర్త పోయాక ఆయన పేరిట గుడి కట్టించి 1276లో బూదపూరులో శాసనం వేయించింది. తెలుగులో మొదటి కవయిత్రి ఆమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఇంటిల్లిపాదీ కవులైన చోట ఒక గజదొంగను ఊహించాడు నవలాకారుడు. ఆ తెగింపు నాకు ఇష్టం.

రాయచూరు గాలి | ఆదివారం, ఉదయం 7:15

మాది రాయచూరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పాత బజార్లో దక్కనీ. గన్నారెడ్డి పేరు నేను మొదట చూసింది నవలలో కాదండీ, మా ఊరి కోట గోడ మీద.

చూడనివాళ్ళ కోసం చెప్తాను. బస్టాండు పక్కనే కోట. లోపలి గోడలో ఒకే ఒక్క రాయి, 41 అడుగుల పైచిలుకు పొడవు. దాని పక్కన నిలబడి ఫోటో తీసుకుంటే మనిషి ఒక మూలకు పోతాడు. దానిమీద తెలుగు శాసనం, క్రీ.శ. 1294 నాటిది. గోన గన్నయరెడ్డి తరఫున విఠలుడు ఆదవోని, తుంబళం, మానువ, హాలువ కోటలు గెలిచి, రాయచూరు చేరి, ఈ కోట కట్టించాడని సారాంశం.

శాసనం చదవడం రానివాళ్ళకు కూడా అక్కడ చూడటానికి ఒకటుంది. అంత రాయిని ఎలా తెచ్చారో గోడ మీదే బొమ్మ గీసిపెట్టారు. చక్రాల బండి, దాని మీద పొడుగాటి రాయి, ముందు బారులు తీరిన దున్నపోతులు, వాటిని అదిలించే మనుషులు, వెనక చక్రాల కింద గడకర్రలు పెట్టి ఎత్తుతున్నవాళ్ళు. రాజు బొమ్మ లేదు, సేనాని బొమ్మ లేదు. చెమటోడ్చినవాళ్ళనే చెక్కారు. మా తాతగారు మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడల్లా శాసనం వదిలేసి దున్నపోతులు లెక్కపెట్టమనేవారు.

పాతసంచిక | ఆదివారం, ఉదయం 8:30

రాయచూరు గారూ, చాలా సంతోషమండీ. నిన్న నేను చెప్పాలనుకున్నది మీ రాయి ఇంకా బాగా చెప్పింది.

శాసనంలో గోన వారు గెలిచిన కోటల్లో మొదటి పేరు ఏది? ఆదవోని. నవలలో పెళ్ళికూతురు ఎక్కడిది? ఆదవోని. శాసనం ఒక కోట పట్టుబడిందని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతుంది. ఆ కోటలో ఎవరున్నారు, గోన వారికి వాళ్ళతో పాత పగలేమైనా ఉన్నాయా, ఆ ఇంట్లో ఆడపిల్ల ఉందా అని రాయి చెప్పదు. బాపిరాజు గారు ఆ ఊరి పేరు తీసుకుని అందులో ఒక కూతురిని పెట్టారు. ఆయన ఈ శాసనం చూసే అలా రాశారని నేను సాక్ష్యం చెప్పలేను గానీ, పాఠకుడిగా రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

సందేహాలరావు | ఆదివారం, ఉదయం 11:10

పండగ చేసుకుంటున్నారు, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు.

శాసనం 1294. రుద్రమ పోయింది 1289లో. అంటే రాయచూరు కోట కట్టే నాటికి ఓరుగల్లులో ఉన్నది ప్రతాపరుద్రుడు. నవలలో గన్నారెడ్డి రుద్రమ పాలన తొలి రోజుల్లోనే పడుచువాడు. ముప్ఫై ఏళ్ళ తేడా అది. ఆ తొలిరోజుల్లో ఆయన దొంగ అని గానీ, దేవగిరి యుద్ధంలో ఆమె పక్కన నిలిచాడని గానీ ఏ రాయి చెప్పింది? ఇప్పుడు ఎవరిని అడిగినా “గన్నారెడ్డా, గజదొంగ కదా” అంటారు. నవల, సినిమా కలిసి ఒక సేనానిని శాశ్వతంగా దొంగను చేశాయి. మీరు ఖాళీ అంటున్న చోట రాసింది ఇప్పుడు చరిత్రలా చలామణీ అవుతోంది. దానికి జవాబుదారీ ఎవరు?

వరంగల్ వేణు | ఆదివారం, మధ్యాహ్నం 1:45

రావు సార్, మీ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ శాసనాలు, ప్రశస్తులు మాత్రం అంత నిక్కచ్చిగా ఉన్నాయనుకోవద్దు. మీరే చూడండి, అదే దేవగిరి యుద్ధం.

మన దగ్గరి ‘ప్రతాపచరిత్ర’ ఏం చెప్తది? రుద్రమ మహాదేవుడిని ఓరుగల్లు నుంచి తరిమి దేవగిరి దాకా వెంటపడి, కోటి బంగారు నాణేలు కప్పం వసూలు చేసిందని. అటుపక్క మహాదేవుడి మంత్రి హేమాద్రి ఏం రాసిండు? మా రాజు తెలుంగు ప్రభువు ఏనుగులను, పంచవాద్యాలను పట్టుకున్నడు, రుద్రమ ఆడది కాబట్టి చంపకుండా వదిలేసిండు అని. ఒకే యుద్ధం, ఇద్దరూ గెలిచిండ్రు! యాదవుల ఏలుబడిలో ఉన్న బీదరు కోటలో రుద్రమ కాలపు తెలుగు శాసనం ముక్క దొరికింది కాబట్టి కాకతీయుల పక్షానికి కొంత బలం. అయినా కోటి నాణేలు నిజంగా లెక్కపెట్టిందెవరు?

రెండువైపులా ఆస్థానం మనుషులే రాసిపెట్టిపోయిండ్రు. నవలాకారుడు కనీసం “ఇది నవల” అని అట్టమీద వేస్తడు. హేమాద్రి ఆ మాట కూడా వేయలేదు.

సందేహాలరావు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

హేమాద్రి పాయింటు బాగుంది, ఒప్పుకుంటున్నా. గజదొంగ విషయంలో మాత్రం తగ్గను.

నిర్వాహకుడు | ఆదివారం, సాయంత్రం 4:00

రెండు గంటల్లో తొమ్మిది పోస్టులు తీసేశాను. గన్నారెడ్డి మా వాడు, రుద్రమ మీ మనిషి అనే పంచాయితీ ఈ వేదికలో నడవదు. ఏడు వందల ఏళ్ళ కిందటి మనుషులకు ఇప్పటి కుల సంఘాల సభ్యత్వం ఇవ్వకండి. పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళు కొనసాగించండి.

శ్రీవల్లి_డాలస్ | సోమవారం, ఉదయం 6:50

ఇక్కడ ఇప్పుడు ఆదివారం రాత్రి, పిల్లాడు పడుకున్నాడు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

మావాడికి పదకొండేళ్ళు. తెలుగు వింటాడు, చదవలేడు. డ్యూమా ‘త్రీ మస్కిటీర్స్’ పిల్లల ప్రతి చదివి కత్తియుద్ధాల పిచ్చిలో ఉన్నప్పుడు, మనకూ అలాంటి కథ ఉందిరా అని గన్నారెడ్డి మొదలుపెట్టాను. నేను చదువుకుని, రాత్రి నా మాటల్లో చెప్పడం. పెళ్ళికొడుకును ఎత్తుకుపోయే చోట వాడు ఒక్కసారిగా లేచి కూర్చుని, “వాళ్ళ పెళ్ళి భోజనాలు ఏమయ్యాయి?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బాపిరాజు గారు అన్నీ వర్ణించారు గానీ...

తర్వాత ఇంకో ప్రశ్న. దొంగ అయితే మంచివాడు ఎలా అవుతాడు? ఆ ముడి కథే విప్పుతుందని చెప్పి, రుద్రమ మంత్రి శివదేవయ్య వ్యవహారం వచ్చేదాకా ఆగమన్నాను. నాకు ఈ నవలలో బాగా నచ్చింది అదే. బయటికి రాజ్యద్రోహిలా కనిపించేవాడు లోపల రాజ్యం కోసమే తిరుగుతుంటాడు. ఆ అనుమానం పాఠకుడి చేతిలో చాలాసేపు ఉంచుతారు. ఎప్పుడు బయటపడుతుందా అని టెన్షన్ నాకూ ఉంది, పెద్దదాన్నయినా.

ఒక ఫిర్యాదు. ఆన్‌లైన్‌లో ఒక చోట తెప్పించుకున్న ప్రతిలో సరిగ్గా కోట ముట్టడి మధ్యలో ఒక ఫారం (కలిపి కుట్టే పేజీల కట్ట) మొత్తం లేదు, దాని బదులు ముందరి పేజీలే రెండోసారి కుట్టేశారు. ముట్టడి సగంలో ఆపి మళ్ళీ పెళ్ళి దగ్గరికి వచ్చాం. ఎవరి దగ్గరైనా మంచి ప్రతి ఉంటే ఆ ఘట్టం ఎలా ముగుస్తుందో చెప్పండి, వాడు రోజూ అడుగుతున్నాడు.

టీచరమ్మ | సోమవారం, ఉదయం 7:30

శ్రీవల్లీ, నీకు విడిగా మెసేజ్ పెడతానమ్మా. బాబుకు చెప్పు, పెళ్ళి భోజనాలు గన్నారెడ్డి దండు దారిలో తినేసి ఉంటుందని. నవలలో లేదు, అయినా ఎవరూ కాదనరు.

చెన్నపట్నం తెలుగు | సోమవారం, ఉదయం 10:20

డ్యూమా పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ‘త్రీ మస్కిటీర్స్’ హీరో దార్తాన్యాన్ నిజంగా ఉన్న మనిషి. ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ దగ్గర సైనికాధికారి, 1673లో మాస్ట్రిక్ట్ ముట్టడిలో చనిపోయాడు. 1700లో కూర్తీల్ద్ సాంద్రా అనే ఆయన దార్తాన్యాన్ జ్ఞాపకాలంటూ ఒక పుస్తకం కల్పించి రాశాడు. డ్యూమా 1844లో ఆ పుస్తకం పట్టుకుని నవల అల్లాడు, అదీ ఓగస్త్ మాకే అనే సహాయకుడితో కలిసి, పత్రికలో సీరియల్‌గా. అంటే కల్పన మీద కల్పన. ఈ మాస్ట్రిక్ట్ మనిషికి డ్యూమా అన్యాయం చేశాడని ఎవరూ అనరు. లేకపోతే ఆయన పేరు ఎవరికి తెలిసేది?

ఇక్కడ మా చుట్టూ ఉన్న తమిళ మిత్రులకు వందియదేవన్ అలాగే. తంజావూరు పెద్దగుడి శాసనాల్లో రాజరాజ చోళుడి అక్క కుందవై భర్తగా ఒక్క పేరు, అంతే. తమిళ నవలాకారుడు కల్కి 1950లలో ‘పొన్నియిన్ సెల్వన్’లో ఆ పేరును గుర్రమెక్కించి కావేరి గట్టున వదిలాడు. అయిదు భాగాలు నడిచింది.

నా లెక్కలో ఈ ముగ్గురూ ఒకే పని చేశారు. చక్రవర్తిని హీరో చేయలేదు. చక్రవర్తి ఎప్పుడు పుట్టాడో ఎప్పుడు పోయాడో అందరికీ తెలుసు కాబట్టి కథలో ఆయన ప్రాణానికి భయం లేదు. శాసనంలో ఒక మూల ఇరుక్కున్న పేరయితే ఏ క్షణాన ఏమవుతాడో తెలియదు.

పాతసంచిక | సోమవారం, ఉదయం 10:45

చివరి పేరా నేను రాసి ఉంటే బాగుండేది అనిపించింది.

వరంగల్ వేణు | సోమవారం, రాత్రి 8:15

చెన్నపట్నం గారి మాటకు ఒక చిన్న అడ్డు. చక్రవర్తి ఎప్పుడు పోయాడో అందరికీ తెలుసు అన్నారు. రుద్రమ సంగతి చాలాకాలం అట్ల లేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన చిన్న శాసనం చెప్పేదాకా ఆమె కడపటి రోజులు స్పష్టంగా తెలియవు. 1289 నవంబరు 27 తేదీ అందులో ఉంది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, అంటే చనిపోయారని, వాళ్ళ పుణ్యం కోసం ఒక భటుడు భూదానం చేసిండని ఉంది. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడి మీద యుద్ధంలోనే ఆమె చనిపోయి ఉంటుందని చరిత్రకారుల అంచనా. 1290లో అంబదేవుడు త్రిపురాంతకంలో తన గెలుపులన్నీ ఏకరువు పెట్టి శాసనం వేయించుకున్నడు.

బాపిరాజు గారు 1952లోనే పోయిండ్రు. చందుపట్ల సంగతి వెలుగులోకి వచ్చింది ఆ తర్వాత చాలా ఏండ్లకు. ఆయన రాసింది పడుచు రాణి కథ. ముసలితనంలో గుర్రం దిగని రాణి కథ ఇంకెవరో రాయాలె. పక్కన పాత సేనాని, ఎదురుగా ఒకప్పుడు తమ దగ్గర పనిచేసిన ఇంటి మనిషి. ఆ దానం చేసిన భటుడి కళ్ళతో చెప్తే చాలు.

మా ఖిలాలో 45 బురుజుల రాతిగోడ మీద సాయంత్రం నడిచినప్పుడల్లా నాకు పడుచు రుద్రమ కంటే ఆ ముసలామెనే ఎక్కువ గుర్తుకొస్తది.

తీరం మనిషి | మంగళవారం, ఉదయం 9:00

అందరూ కోటలే. సముద్రం ఎవరికీ పట్టదా?

మాది చీరాల పక్క. మోటుపల్లి మాకు కూతవేటు దూరం. ఇప్పుడు వెళ్ళి చూస్తే వీరభద్రుడి గుడి, ఇసుక, సరుగుడు తోటలు. రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయ శాసనం చదివితే అందులో సాహస నవల మొత్తం ఉంది. అంతకుముందు రాజులు ఏం చేసేవారంటే, తుపానుకు ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ఇక నుంచి మామూలు సుంకం తప్ప ఏమీ పట్టుకోం, భయం లేకుండా రండి అని రాయించాడు. కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, పగడం, మిరియాలు, ఒక్కొక్క సరుకుకూ సుంకం రేటు ఉంది.

ఇప్పుడు ఊహించండి. అభయం ఇచ్చిన కొత్తల్లో, పాత అలవాటు మానని ఒక సుంకం అధికారి. కార్తీక మాసం తుపానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక ఓడ. అందులో బతికిన ఒకే ఒక్కడు, భాష రానివాడు. రాజు మాట నిలబడిందా లేదా అన్నది ఆ రాత్రి తేలాలి. యుద్ధం అక్కర్లేదు, దేవగిరి అక్కర్లేదు.

తర్వాత కొన్నేళ్ళకు మార్కో పోలో ఈ తీరం గురించి రాస్తూ, న్యాయంగా పాలించిన రాణి గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి, వజ్రాల లోయలో పాముల మధ్యకు మాంసం ముద్దలు విసిరి, వాటిని గద్దలు ఎత్తుకొస్తే అంటుకున్న వజ్రాలు ఏరుకునే జనం గురించి చెప్పాడు. గద్దల కథ అప్పటికే దేశదేశాలు తిరిగిన కట్టుకథ. కానీ పూటకూళ్ళ ఇంట్లో కూర్చుని ఆ కథ విదేశీయుడికి నమ్మబలికిన మనవాడు ఒకడు ఉండే ఉంటాడు కదా? నాకు హీరో వాడే.

సాయి_మొదటిపేజీ | మంగళవారం, ఉదయం 9:40

తీరం అన్నా, మీరే రాయండి. మొదటి అధ్యాయం ఇక్కడే పెట్టండి. తలపాగా వర్ణన వద్దు.

అప్‌డేట్: నిన్న రాత్రి మళ్ళీ మొదలుపెట్టాను, టీచరమ్మ గారు చెప్పినట్టు పైకి చదువుతూ. మా రూమ్మేట్ మొదట తిట్టాడు. తర్వాత ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. పన్నెండింటికి నేను ఆపేస్తే “వరదారెడ్డిని ఏం చేస్తారు బే” అని వాడే పుస్తకం లాక్కున్నాడు.

టీచరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 12:15

శభాష్! రూమ్మేట్‌ను కూడా ఇక్కడ చేర్పించు.

వచ్చే నెలకు బాపిరాజు గారిదే ‘హిమబిందు’ అనుకుంటున్నాను, శాతవాహనుల కాలం. వారానికి కొన్ని అధ్యాయాలు, ముందుకు చదివేసినవాళ్ళు కథ బయట పెట్టకూడదు. ఎవరెవరు వస్తారు?

రాయచూరు గాలి | మంగళవారం, మధ్యాహ్నం 12:50

నేను వస్తానండీ. ఇటువైపు ఎవరైనా కోట చూడటానికి వస్తే చెప్పండి, మే నెలలో మాత్రం రావద్దు, రాయి మీద చెయ్యి పెట్టలేరు.

సందేహాలరావు | మంగళవారం, సాయంత్రం 5:30

నేనూ వస్తాను. ముందే చెబుతున్నా, శాతవాహనుల వంటింట్లో ఎండుమిరపకాయ కనిపిస్తే ఊరుకోను. అది పోర్చుగీసువాళ్ళతో వచ్చిన సరుకు.

వరంగల్ వేణు | మంగళవారం, సాయంత్రం 5:45

సార్, మిరపకాయ తర్వాత, ముందు రికాబులు (గుర్రం మీద కాళ్ళు పెట్టుకునే కడియాలు) చూడండి. సాంచీ శిల్పాల్లో రౌతులకు కాలి బొటనవేలు దూరే తాడు మాత్రమే ఉంది. నవలలో ఎవడైనా ఇనుప రికాబు మీద లేచి నిలబడి కత్తి దూశాడంటే ఆ పేజీ నంబరు రాసి పెట్టుకోండి, మీకు ఒక పాయింటు నా తరఫున.